రెండు నిమిషాల నెగెటివ్

తెల్లవారుజామున నాలుగూ యాభైకి ఫరహత్ కెమెరా స్టాండు కాళ్లు విప్పి కాలువగట్టు మీద నిలబెట్టింది. డిసెంబరు మంచు. బందరు కాలువ మీది ఇనుప వంతెన సగం వరకే కనిపిస్తోంది.

ఆ వంతెన మంచిది కాదని చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. మంచు పట్టిన వేళ తెల్లగా ఒక ఆకారం నిలబడి పిలుస్తుందట. పలికారా... నీళ్లలోకే. రెండేళ్లలో ముగ్గురు పోయారు.

మూడో మనిషి ఫరహత్ తండ్రి ఖాలిక్. ఆటోనగర్‌లో లేత్ పని. పోయిన జనవరిలో నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తూ పడిపోయాడు. 'మద్యం మత్తులో' అని పోలీసు కాగితాల్లో రాశారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. వంతెనకు కుడివైపు రెండు గజాల మేర రెయిలింగ్ లేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

అడగబోతే వంతెన చూసే ఇంజనీరు నవ్వాడు. "తాగలేదంటావా? అయితే దెయ్యం తోసుంటుందమ్మా. దానికి నేను నోటీసివ్వలేను కదా!"

ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోలేదు. తండ్రి మీద పడ్డ ఆ మాట కొట్టేయించాలి. ఫోన్లో తీస్తే మార్చారంటారు. అందుకే నలుపు తెలుపు ఫిల్ము రీలు వేసుకొచ్చింది. నెగెటివ్‌ని కాదనడం కష్టం. మంచులో ఫ్లాష్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ పడదు. ఉన్న ఒక్క స్తంభం దీపం వెలుగులో రెండు నిమిషాలు షట్టర్ తెరిచే ఉంచాలి.

మీట నొక్కిపట్టింది. లెక్కపెట్టసాగింది.

యాభై దాటాక —

"ఇటు... ఈ పక్కకి రా..."

గుసగుస. వంతెన మీంచే.

మంచులో తెల్లగా ఏదో కదిలింది. రెయిలింగ్ లేని చోటికొచ్చి... ఆగింది. చెయ్యి చాపింది.

 ఫరహత్ మీట వదల్లేదు. భయం కన్నా కోపం పెద్దది. ఎనభై... తొంభై...

"మా అబ్బాని పిలిచింది నువ్వేనా?" పళ్లు కొరుకుతూ అడిగింది.

నూట ఇరవై. షట్టర్ మూసుకుంది.

"ఎవరి పిల్లవే నువ్వు?" అంది దెయ్యం. అని, దగ్గింది.

దగ్గరికొస్తే అరవై దాటిన మనిషి. తెల్ల దుప్పటి. చంకలో చేపల బుట్ట.

"చేపల దానమ్మని. కుడివైపు కమ్మీల్లేవు కదా, మంచురోజుల్లో నిలబడి జనాన్ని ఎడమకి పిలుస్తుంటాను."

"నిన్ను దెయ్యమంటున్నారు."

"అననీ! చూసుకోండ్రా అని నెల్లాళ్లు అరిచాను. ముసల్ది వాగుతోందన్నారు. దెయ్యమన్నాక ఒక్కడూ అటు కాలు పెట్టట్లేదు. మనిషి మాటకి ఉందా ఆ విలువ?"

ఫరహత్ తండ్రి పేరు చెప్పింది. దానమ్మ బుట్ట దించి గట్టు మీద పెట్టింది.

"తూలలేదమ్మా ఆయన... చెయ్యి చాపి కమ్మీ కోసం తడుముకున్నాడు. నేను చూస్తుండగానే."

"పోలీసులకి చెప్పలేదా పెద్దమ్మా?"

"అడిగితే కదా!"

ఆ మధ్యాహ్నమే ఫిల్ము కడిగి ప్రింటు వేసింది. వంతెన, దీపం, రెయిలింగ్ తెగిపోయిన చోటు... చెక్కినట్టు పడ్డాయి. దానమ్మ మాత్రం పొగలా పడింది. అవతలి కమ్మీలు ఆమె ఒంట్లోంచి కనిపిస్తున్నాయి. ఎందుకో ఫరహత్‌కి తెలుసు. ప్రింటు వెనక పెన్నుతో రాసింది: 'ఈమె దానమ్మ. ఖాలిక్ తాగి పడలేదనడానికి సాక్షి. సగం సేపే నిలబడింది కనక ఇలా పడింది. వేలితో చూపిస్తున్నది రెయిలింగ్ లేని చోటు.'

ఈసారి ఇంజనీరు నవ్వలేదు. ప్రింటు బల్ల మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. "పైవాళ్లకి పంపిస్తానమ్మా," అన్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఫరహత్ ఆ రాత్రి కడుపునిండా తింది.

తొమ్మిదో రోజున తెలిసింది. మంచులో, వంతెన మీద, దానమ్మని నలుగురు రాళ్లతో కొట్టారు. నుదుటికి ఏడు కుట్లు. పట్టుబడినవాడి ఫోన్లో ఫరహత్ తీసిన ఫోటో ఉంది — 'వంతెన దెయ్యం, ఇదిగో రుజువు' అన్న మాటతో, ఊరంతా తిరిగి వచ్చింది.

ముందువైపు మాత్రమే.