సగం రింగ్

"ఆ కుర్చీలోంచి లేవండి!"

కొత్త ఫండ్ మేనేజరు ఉలిక్కిపడి లేచాడు. ఉద్యోగంలో చేరి ఇంకా గంట కూడా కాలేదు. గాజు గది ఖాళీగానే ఉంది కదా అని కాసేపు కూర్చున్నాడు. తలుపు దగ్గర ఒకమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. చూపులకే చంపే శక్తి ఉంటే అతని పని అక్కడితో సరి.

"సారీ అండీ. ఎవరి సీటిది?"

"మా నాన్నది."

"అలాగా. ఎన్నింటికి వస్తారు?"

"రారు. పోయి ఏడాదైంది."

అతను నాలిక్కరుచుకుని బయటికొచ్చేశాడు. తన సీట్లో కుదురుకున్నాక ఒక సంగతి గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. తను కూర్చునేసరికే ఆ కుర్చీ వెచ్చగా ఉంది.

ఆ అమ్మాయి రిస్క్ ఆఫీసరు. మార్కెట్ పడిపోతే నష్టం తగ్గేలా ముందే పుట్ ఆప్షన్లు కొని పెట్టడం ఆమె పని. ఇన్సూరెన్స్ లాంటివే అవి, కట్టిన ప్రీమియం మాత్రం తిరిగి రాదు. అందుకే ఆఫీసులో ఆమె పేరు "గొడుగు". ఇతని పని ఫండ్ డబ్బుని బ్యాంకు షేర్లలోంచి మందుల కంపెనీల్లోకి, అక్కణ్ణుంచి సాఫ్ట్‌వేర్‌లోకి, గాలి ఎటుంటే అటు తిప్పడం. వారం తిరక్కుండా ఇతనికీ పేరొచ్చింది, "రంగులరాట్నం".

"ఎక్కిన చోటే దిగుతారు చివరికి," అంది గొడుగు.

"గొడుగేసుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళకి ఆ సరదా ఏం తెలుస్తుంది లెండి," అన్నాడు రంగులరాట్నం.

గాజు గది కథ చెప్పింది డీలర్ బాబాయ్. షేర్లు కొనే, అమ్మే ఆర్డర్లు వేసే పెద్దాయన, అందరికీ బాబాయే.

"పెద్దసారు గదిలోంచి కదిలేవారు కాదు బాబూ. ఏదైనా ఆర్డర్‌కి ఒప్పుకుంటే మా డెస్కుకి సగం రింగ్ ఇచ్చి పెట్టేసేవారు. 'సరే, కానీ' అని అర్థం. ఏదైనా తేడాగా అనిపిస్తే మాత్రం ఎత్తేదాకా మోగించేవారు. ఎత్తితే ఒకటే మాట, 'కవర్ ఉందా?' అని. పడితే నష్టం పూడ్చే ఏర్పాటు ఉందా అన్నమాట."

"ఇప్పుడు?"

బాబాయ్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడూ మోగుతోంది. ఎత్తేదాకా."

రంగులరాట్నం పగలబడి నవ్వాడు. బాబాయ్ నవ్వలేదు.

కొన్నాళ్ళకి ఆ మోతా విన్నాడు. స్క్రీన్లన్నీ లాభాలతో పచ్చగా కళకళలాడుతున్న మధ్యాహ్నం, డెస్కు ఫోన్ మోగింది. ఫోన్ మీద గాజు గది నంబరు పడింది. గది ఖాళీగా ఉంది. డెస్కంతా మాటలు ఆగిపోయాయి. గొడుగు ఫోన్ ఎత్తి, విని, పెట్టేసింది.

"బాబాయ్, కవర్ కొనండి. ఫండ్‌లో సగానికి."

"ఏం వినిపించిందండీ?" అడిగాడు రంగులరాట్నం.

"ఫ్యాన్ కిర్రుమనడం. అంతే."

గాజు గదిలో ఫ్యాన్ తిరగడం లేదు.

"ఇన్వెస్ట్‌మెంట్ కమిటీకి ఏం చెప్తారు? దయ్యం ఫోన్ చేసిందనా?"

"వొలటిలిటీ పెరిగే సూచనలున్నాయని రాస్తా. వాళ్ళకి అదీ ఇదీ ఒకటే."

మర్నాడు మార్కెట్ కుప్పకూలింది. మార్కెట్ ఒడిదుడుకుల్ని కొలిచే వొలటిలిటీ సూచీని ఆఫీసులో భయం మీటర్ అంటారు, అది ఆకాశానికంటింది. ఊళ్ళో ఫండ్లన్నీ లబోదిబోమంటుంటే ఇతని ఫండ్ మాత్రం ఒడ్డున పడింది. కాకతాళీయం అనుకున్నాడు. అయినా మనసాగక, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు గాజు గదిలోకెళ్ళి బల్లకింద దూరాడు. ఫోన్ వైరు చేతికొచ్చింది. దాని రెండో కొస ఎక్కడా తగిలించి లేదు. నేలమీద దుమ్ములో పడి ఉంది.

"దొరికిందా?" అని పైనుంచి గొంతు.

అతని తల బల్లకి ఠంగున కొట్టుకుంది. గొడుగు వంగి చూస్తోంది. నవ్వాపుకోలేక అవస్థ పడుతోంది. ఆ నవ్వు చూశాక తలనొప్పి, భయం రెండూ ఎటుపోయాయో తెలియలేదు. అక్కడే, ఆ దుమ్ములో, మోకాళ్ళ మీద, అతను ప్రేమలో పడ్డాడు.

ఆ తర్వాత ఇద్దరూ రోజూ దెబ్బలాడుకున్నారు. అతను ప్రీమియం దండగ అనేవాడు. ఆమె అతని చేతలని తిప్పుడు రోగం అనేది. దెబ్బలాట లేని రోజు ఇద్దరికీ కాఫీ రుచించేది కాదు. ఒకరోజు మాటల్లో ఆమే చెప్పింది.

"నాన్న సగం రింగ్ ఇస్తేగానీ నేనెప్పుడూ ఏదీ మొదలుపెట్టలేదు. చదువైనా, ఉద్యోగమైనా. ఆయన పోయాక ఒక్కసారీ ఆ రింగ్ రాలేదు. అందుకే అమ్మ తెచ్చిన సంబంధాలన్నీ వద్దన్నా."

"మరి ఎప్పటికీ రాకపోతే?"

ఆమె చల్లారిన కాఫీ తీసుకెళ్ళి సింకులో పోసింది.

అడగాలి, అడిగితే కాదంటుందేమో. నెల రోజులు ఇదే గోల. ఇంట్లో వాళ్ళమ్మ లాయరమ్మాయి సంబంధమంటూ చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. అడగాలని నిర్ణయించుకున్న రోజు పొద్దున, గుమ్మం దాటుతూ, "చూద్దాంలే అమ్మా" అనేశాడు. వృత్తి బుద్ధి మరి. ఇక్కడ పడితే అక్కడ కవర్.

ఆ రోజు మార్కెట్‌లో గాలి కూడా ఆడలేదు. అంకెలు కదలడం మానేసినట్టున్నాయి. భయం మీటర్ అడుగంటింది. బయట ముసురు పట్టి, పట్టపగలే లైట్లు వెయ్యాల్సొచ్చింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగింది.

గొడుగు విని, కవర్ కొంది. మళ్ళీ మోగింది. ఇంకా కొంది. ఫండ్ మొత్తానికీ రక్షణ వచ్చేసింది, మార్కెట్ మాత్రం చీమంత కూడా కదల్లేదు. మూసే వేళకి మళ్ళీ మోగింది.

"ఇంకేం మిగిలింది నాన్నా కవర్ చెయ్యడానికి?" రిసీవర్‌లోకి అడిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఫోన్ పెట్టేసి రంగులరాట్నం వైపు చూసింది. "మార్కెట్ గురించి కాదేమో అనిపిస్తోంది. భయంగా ఉందండీ."

ఇప్పుడే అడుగుదామని అతను నోరు తెరిచాడు. జేబులో మొబైల్ మోగింది. వాళ్ళమ్మ గొంతుకి స్పీకర్ అక్కర్లేదు.

"నాన్నా, నువ్వు సరేనన్నావని చెప్పేశా! లాయరమ్మాయి వాళ్ళు సాయంత్రం వస్తున్నారు. త్వరగా వచ్చెయ్!"

బాబాయ్ ఉన్నట్టుండి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలెట్టాడు.

"అమ్మా, మళ్ళీ చేస్తా," అని అతను కట్ చేశాడు. "అది కాదండీ. ఇవాళ మిమ్మల్ని అడుగుదామనుకున్నా. మీరు కాదంటారేమోనని..."

"కవర్ పెట్టుకున్నారు."

"అంటే..."

"ఆ అమ్మాయి మీకు పుట్ ఆప్షనా?" ఆమె బల్ల మీది బ్యాగు అందుకుంది. "పొద్దుట్నుంచీ చీర ఇస్త్రీ చేసుకుని కూర్చునుంటుంది పాపం. అక్కర్లేకపోతే వదిలేసే కాయితమా ఆమె? నేనైతే మీ చేతిలో తిరిగే షేరునా?"

అతనికి భూమి చీలితే బాగుండుననిపించింది. అన్నీ నిజాలే. ఆమె బ్యాగు భుజానికేసుకుని తలుపు వైపు నడిచింది.

ఫోన్ మోగింది.

ఈసారి ఆమె ఆగింది గానీ వెనక్కి రాలేదు. బాబాయ్ చెయ్యి చాచి, వెనక్కి లాక్కున్నాడు. మోత ఆగడం లేదు. రంగులరాట్నం రిసీవర్ ఎత్తాడు. చల్లటి గాలి చెవికి తగిలింది. ఫ్యాన్ కిర్రు. తర్వాత, చాలా దగ్గరగా, ఒక ముసలి గొంతు.

"కవర్ ఉందా?"

అతనికి పారిపోవాలనిపించలేదు.

"ఉందండీ," అన్నాడు. "తప్పు చేశాను. తీసేస్తున్నాను."

రిసీవర్ పెట్టి, మొబైల్ తీసి, అందరి ముందూ మాట్లాడాడు. "అమ్మా, తప్పు నాది. నాకు ఇంకొకరంటే ఇష్టం, నీకు చెప్పలేదు. కాదు, ఆమె ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఈ సంబంధం వద్దు. ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి క్షమాపణ అడుగుతా. తిట్టమ్మా, ఎంతైనా తిట్టు."

వాళ్ళమ్మ ఆ అవకాశాన్ని వృథా చెయ్యలేదు. అన్నట్టే వెంటనే ఫోన్ చేస్తే, లాయరమ్మాయి మాత్రం అంతా విని, "ఇప్పటికైనా చెప్పారు, మంచిది," అని ముక్తసరిగా పెట్టేసింది. ఆ మర్యాదకి అతను ఇంకా కుంచించుకుపోయాడు.

గొడుగు తలుపు దగ్గరే ఉంది.

"మీరంటే నాకు ఇష్టమండీ. చాలా. ఇక ఏ కవరూ లేదు. కాదంటే నష్టం మొత్తం నాదే."

ఆమె డెస్కు ఫోన్ వైపు చూసింది. "ఫోన్లో ఏమన్నారు?"

"కవర్ ఉందా అని. గొంతు జలుబు చేసినట్టుంది."

ఆమె ముఖం పాలిపోయింది. "నాన్నకి ఏసీ పడేది కాదు. ఎప్పుడూ జలుబే." చిన్నపిల్లలా అంది, "నాతో ఒక్కసారీ మాట్లాడలేదు."

ముగ్గురూ గాజు గది వైపు చూశారు. గోడవైపు తిరిగి ఉన్న కుర్చీ మెల్లగా, తొందరేం లేనట్టు, వాళ్ళ వైపు తిరిగింది. అందులో ఎవరూ లేరు. ఎవరో కూర్చున్నట్టు సీటు మాత్రం కాస్త అణిగి ఉంది.

"నాన్నా," అందామె. "ఇతను... కవర్ లేకుండా. ఏమంటావ్?"

వాన నీళ్ళు కిటికీ అద్దాల మీద జారుతున్నాయి. రంగులరాట్నం జీవితంలో మొదటిసారి ఎటూ తిరక్కుండా నిలబడ్డాడు.

డెస్కు మీద ఫోన్ మోగింది. పూర్తిగా కాదు. సగం మోగి ఆగిపోయింది.

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని, ముక్కు చీదాడు. "పెద్దసారు ఒప్పుకున్నారమ్మా. ఇక నీదే ఆలస్యం."

ఆమె బ్యాగు దించి, ఏడుస్తూ నవ్వుతూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. గాజు గదిలో సీటు నెమ్మదిగా పైకి లేచింది, ఎవరో పని ముగించుకుని లేచి వెళ్ళినట్టు. ఆ తర్వాత ఆ ఫోన్ ఎప్పుడూ మోగలేదు.