పెడచెవి

"ఇది కుడి చెవి," అంది స్టేజ్ మేనేజర్.

శిల్పి నిచ్చెన మీద ఉన్నాడు. చేతిలో గరుకు కాగితం ఉంది. ఎదురుగా వర్క్‌షాప్ గోడకు ఆనించి పన్నెండు అడుగుల థర్మాకోల్ చెవి. పదకొండు రోజులు చెక్కాడు దాన్ని. ఇక గుడ్డ అతికించి రంగు వేయడమే మిగిలింది.

"చెవే కదండీ," అన్నాడు.

"నాటకానికి కావాల్సింది ఎడమ చెవి. పరదా మీద గీసిన ముఖం ఎడమకి చూస్తోంది. దానికి ఇది తగిలిస్తే ముఖం ముందుకి, చెవి వెనక్కి. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలూపారు. ఆ తలకి చెవులున్నాయా?"

శిల్పి కిందికి దిగాడు. గోడకు గుచ్చిన డ్రాయింగు చూశాడు, చెవిని చూశాడు, మళ్లీ డ్రాయింగు చూశాడు.

వడ్రంగి మేస్త్రీ చిత్రిక పట్టడం ఆపాడు. వర్క్‌షాప్ ఆయనదే. స్టేజ్ మేనేజర్‌కి మేనమామ.

"తిప్పి పెడితే?"

"వెనకంతా చదును, మామయ్యా."

"తలకిందులు చేస్తే?"

"తమ్మె పైకొస్తుంది."

"అయితే అబ్బాయి నీ మాట పెడచెవిన పెట్టాడన్నమాట. అదీ పన్నెండు అడుగుల పెడచెవి."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ టీ తెస్తానని బయటికి వెళ్లాడు.

నాటకానికి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. ఆ నాటకంలో ఒక కూతురు తండ్రికి ఎప్పుడూ చెప్పుకోలేని మాటని నాలుగు మెట్లెక్కి ఆ చెవిలో చెబుతుంది. శిల్పి ఇన్నాళ్లూ సెట్లకి స్తంభాలు, బండరాళ్లు చేశాడు. జనం చూసి గుర్తుంచుకునే పని అతని చేతికి రావడం ఇదే మొదలు.

"ఐదు గంటలకి డైరెక్టర్‌కి చెప్పాలి, చెవి ఉందో లేదో," అంది ఆమె. "లేదంటే పరదా మీదే గీయిస్తారు."

"ఇంకోటి చేస్తాను. ఐదు రోజుల్లో."

"దీనికి పదకొండు పట్టింది."

"పదకొండు ఎందుకు పట్టిందంటే..." ఆగిపోయాడు.

ఆమె చెవి దగ్గరికి వెళ్లింది. పై అంచు మడత దగ్గర ఒక గుంట కనిపించింది. వేలు పెట్టి చూసింది.

"ఇదేంటి?"

"చెవి కుట్టిన చోటు. పూడిపోయింది."

"డ్రాయింగులో లేదే."

"లేదు."

ఆమె చెయ్యి తన కుడి చెవి మీదికి వెళ్లింది. అదే మడత, అదే చోట అదే గుంట. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

రేకుల మీద వాన మొదలైంది.

"ఎడమది గీసిస్తే కుడిది ఎందుకు చేశారు?" ఈసారి గొంతులో కోపం లేదు.

"ఈ తలుపులోంచి రిహార్సల్ హాల్లో మీ బల్ల కనిపిస్తుంది. మీరు హెడ్‌సెట్ ఎడమ చెవికి పెట్టుకుంటారు. ఎడమ చెవి నేనెప్పుడూ చూడలేదు."

"ఏమన్నారు? వానలో వినపడలేదు."

వాన అంత పెద్దదేం కాదు. అతను గొంతు పెంచి మొత్తం మళ్లీ చెప్పాడు. గుమ్మం దగ్గర టీ గ్లాసులతో నిలబడ్డ మేస్త్రీకీ వినపడింది. ఆయన గ్లాసులు కిందపెట్టి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వెళ్లాడు.

ఆమె గడియారం చూసుకుంది. నాలుగూ ఇరవై. మెడలోని హెడ్‌సెట్ తీసి మేస్త్రీ పనిబల్ల మీద పెట్టింది. స్టూలు వెలుగులోకి లాక్కుని, ఎడమవైపు అతనికి కనపడేలా కూర్చుని, జుట్టు వెనక్కి తోసుకుంది.

"ఐదు రోజులే. ఈసారి చూస్తూ కూర్చుంటే కుదరదు."

"మరి డైరెక్టర్?"

"చెవి ఉందని చెబుతాను."

శిల్పి పెన్సిల్ తీశాడు. సగం గీశాక ఆగాడు. "దీనికి ఆ గుంట లేదు."

"పదహారేళ్లప్పుడు స్నేహితురాలు సూదితో కుట్టింది. ఒకటయ్యాక, రెండోదానికి భయమేసి లేచిపోయాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు కూర్చున్నాను కదా."

ఐదో రోజు పొద్దున ఎడమ చెవి నాలుగు ముక్కలుగా వేదిక చేరింది. కుడి చెవిని మేస్త్రీ పారేయనివ్వలేదు. వర్క్‌షాప్ గోడకే బిగించాడు.

"గోడలకి చెవులుంటాయంటే నమ్మరుగా," అన్నాడు మేనకోడలితో. "ఇది అంతా వింది. మీ అమ్మ చెవిన నువ్వేస్తావా, నేనెయ్యనా?"

"నువ్వే వెయ్యి, మామయ్యా. నేను చెబితే కేకలేస్తుంది."

"నేను చెప్పినా వేస్తుంది. కానీ మా అక్క కేకలేసిందంటే సగం ఒప్పుకున్నట్టే."

మొదటి ప్రదర్శనలో కూతురి వేషం వేసిన అమ్మాయి మెట్లెక్కడం మొదలుపెట్టింది. పక్క తెర వెనక స్టేజ్ మేనేజర్ పుస్తకం మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆమెకి ఎడమవైపు శిల్పి నిలబడి ఉన్నాడు.

ఎదుటి పక్క తెర దగ్గర్నుంచి లైట్లబ్బాయి హెడ్‌సెట్‌లో అడిగాడు. "మేడమ్, హెడ్‌సెట్ ఇవాళ కుడిపక్కకి మారిందేంటి?"

"ఎడమ చెవికి వేరే పని పడింది. ఇరవై రెండో లైటు వెయ్యి."