ఏడుపుల గనిలో బెంతో కవి

పొద్దుగూకాక ఏడుపుల గని ముందు నుంచి ఎవరూ పోరు. బ్రెజిల్ కొండల్లోని మా సాన్ బ్రాస్ ఊరి నుంచి ఏటికి దిగడానికి దగ్గర దారి అదే. అయినా సరే, జనం చుట్టూ తిరిగి, ముళ్ళల్లో పడి, చొక్కాలు చించుకుని దిగుతారు గానీ... ఆ గని నోటి ముందు నుంచి మాత్రం పోరు.

ఒకప్పుడు అక్కడ బంగారం తవ్వేవాళ్ళు. ఓ వానాకాలం కొండ కూలింది. లోపలున్న బానిసలు లోపలే ఉండిపోయారు. తవ్వి తీయించమంటే యజమాని, “కొత్తవాళ్ళని కొనుక్కుంటే పోతుంది” అన్నాడట. ఆ తర్వాత చాలామందికి అందులోంచి ఏడుపు వినిపించింది. పేరు అలా పడింది.

ఆ గనిలోకి ఒక రాత్రి తనంతట తనే నడిచిపోయినవాడు కవి బెంతో ఫ్రాగోసో. మా అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

బెంతో మంచివాడే గానీ నోరు ఊరుకోదు. గవర్నరు మీద పద్యం కట్టాడు. దొరగారు విగ్గు సర్దుకునేలోపు మీనాస్ కొండల్లో సగం బంగారం మాయమవుతుందని. మర్నాటికి ఊరంతా ఆ పద్యమే. మంగలి దగ్గర అదే, చర్చి మెట్ల మీద అదే.

వారం తిరక్కుండా సిపాయిలొచ్చారు. ఇరవై ఏళ్ళ రాత కాగితాలన్నీ చావడి ముందు కుప్పపోసి తగలబెట్టారు. బ్రెజిల్ మొత్తం మీద అచ్చు యంత్రం పెట్టడానికి పోర్చుగల్ రాజు ఒప్పుకోని రోజులవి. చేత్తో రాసుకున్నదే పుస్తకం. స్నేహితుల దగ్గర నకళ్ళు ఉంటాయి కదా అని ఇల్లిల్లూ తిరిగాడు.

“మా పొయ్యిలో వేసేశాం బెంతో,” అన్నారు వాళ్ళు తలుపు సందులోంచి. “మాకూ పిల్లలున్నారు... ఇంక వెళ్ళు.”

పొద్దున్నే వచ్చి లొంగిపొమ్మని ఆజ్ఞ. అంగోలాకి ఓడ ఎక్కిస్తారు. అక్కడి జ్వరాల్లో పడ్డవాడు తిరిగి రాడు.

ఆ రాత్రి వాన. బెంతో చెరకు సారా కూడా ముట్టుకోలేదట. నేరుగా గనికి పోయాడు. లోపల నిట్టనిలువు గొయ్యి ఒకటి ఉందని అందరికీ తెలుసు. దూకితే శవం కూడా దొరకదు. అదే కావాలి అతనికి.

గోడ తడుముకుంటూ పోతున్నాడు. చీకటి... నీళ్ళ చుక్కల చప్పుడు... ఇంకొంచెం లోపలికి...

ఎవరో పాడుతున్నారు.

ఆడగొంతు. సన్నగా, ఆగి ఆగి. బెంతో ఉన్నచోటే ఆగిపోయాడు. దెయ్యానికి భయపడి కాదు — ఆ మాటలు తనవి!

“నిద్రపోయే ఏటి మీద... నా బిడ్డ ఒక్కటే మేలుకుంది...”

ఎప్పుడో కుర్రతనంలో, ఒక పెద్దింటి మేడ కింద నిలబడి చదివిన పాట. కాలి బూడిదైన పాట.

“బిడ్డ కాదు,” అన్నాడు నోరు జారి. “నీడ. నా నీడ ఒక్కటే మేలుకుంది.”

పాట ఆగింది. ఏదో చల్లటిది వచ్చి మెడకి తగిలింది. కత్తి.

“ఎవడ్రా నువ్వు?” గుసగుసగా అందామె. “కదిలావో, పీక కోస్తా.”

“ఆ పాట... ఎక్కడిది నీకు?”

“మా అమ్మ పాట. పెద్దింట్లో పనిచేస్తూ పాడేది. నీకెందుకు?”

“అది రాసింది నేనే.”

“పాటలు రాస్తారా ఎక్కడైనా? పాడతారు గానీ!” అంది. “మా అమ్మ పాడింది. ఇప్పుడు నా బిడ్డకి నేను పాడుతున్నా.”

ఆమె పేరు కితేరియా. తోటయజమాని దగ్గర్నుంచి పిల్లని భుజాన వేసుకుని పారిపోయి వచ్చింది. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. గనిలో వినబడే ఏడుపు కొన్నాళ్ళుగా ఆ పిల్లదే.

బెంతో తడిసిన కోటు విప్పాడు. లోపలి పొడి వైపు తిప్పి పిల్లకి కప్పాడు. “బిడ్డే బాగుంది,” అన్నాడు. “అలాగే పాడు.”

అప్పుడే బయట గుర్రాలు ఆగాయి.

పారిపోయిన బానిసల్ని పట్టే వలేరియో, అతని మనుషులు. దివిటీల వెలుగు గని గోడల మీద పాకింది.

“దెయ్యాలంట!” వలేరియో నవ్వుతున్నాడు. “పదండి, చూద్దాం.”

సరిగ్గా అప్పుడు... లోపల్నుంచి ఒక దగ్గు.

“విన్నారా? దెయ్యాలకి దగ్గొస్తుందిరా?”

బెంతో ఇక ఆగలేదు. మొహానికి ఎర్రమట్టి పులుముకుని, అరుస్తూ బయటికి పరిగెత్తి వలేరియో కాళ్ళ మీద పడ్డాడు.

“వెళ్ళకండి! వాళ్ళు... వాళ్ళింకా దగ్గుతూనే ఉన్నారు! కొండ కూలినప్పుడు మింగిన మట్టి గొంతుల్లోంచి పోలేదు... నోరు తెరిస్తే మట్టి రాలుతోంది. ఒకడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు... వలేరియో వచ్చాడా, అని!”

వలేరియో మొహం పాలిపోయింది. వెనకాల ఒకడు శిలువ గుర్తు వేసుకుని గుర్రం తిప్పేశాడు. ఇంకొకడికి నిజంగానే దగ్గు తెర వచ్చింది. అంతే, తలోదారీ పట్టారు.

కానీ వలేరియో పోతూ పోతూ బెంతో జుట్టు పట్టుకుని జీనుకి కట్టేసుకున్నాడు. మట్టి పూసుకున్నా గుర్తుపట్టాడు, గవర్నరుకి కావలసిన మనిషి కదా. తెల్లారేసరికి సంకెళ్ళు పడ్డాయి, కొన్నాళ్ళకి రేవులో ఓడ కదిలింది. అంగోలా నుంచి అతని కబురు ఏదీ రాలేదు.

అతను రాసినదాంట్లో ఒక్క కాగితం మిగల్లేదు. మట్టి దగ్గే దెయ్యాల కథ మాత్రం ఊళ్ళోవాళ్ళందరికీ వచ్చు. అది బెంతో కట్టిందని మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ కథ పుణ్యాన గని వైపు ఎవరూ రాలేదు, కితేరియా బిడ్డతో కొండ దాటింది. ఆ బిడ్డే మా అమ్మమ్మ లూజియా.

చిన్నప్పుడొకసారి అడిగాను. “అమ్మమ్మా, ఆ రాత్రి నీ దగ్గు విని బెంతో ఎంత హడలిపోయి ఉంటాడో కదా?”

అమ్మమ్మ లేచి దీపం ఒత్తి పైకి జరిపింది.

“నాకు జ్వరమేరా... దగ్గు లేదు,” అంది. “గుర్రాల చప్పుడు విన్నప్పట్నుంచీ మా అమ్మ నా నోరు గట్టిగా మూసే ఉంచింది. ఆ దగ్గు... మా వెనకాల నుంచి వచ్చింది.”