ఒక్క పేరే ఇస్తే

"ఒక్క పేరే ఇస్తే ఏం చేస్తారు మాస్టారూ?"

"లిస్టులో పెట్టి ఇమ్మను. రూలు రూలే."

"చోద్యం! ఇంటికొచ్చింది ఒక్కరే అయితే తలుపు తియ్యరా?"

చుట్టుపక్కల సీట్లవాళ్ళు కిసుక్కున నవ్వారు. ప్రతిదానికీ రూలు చెబుతాడని అతనికి మాస్టారని పేరు పెట్టిందే ఆమె. ఆమెను వాగుడుకాయ అన్నది అతను. పక్కపక్క సీట్లు. పొద్దున్నే మొదలు, పైథాన్ కోడ్ మీద కీచులాట. ఆ కీచులాట కోసమే అతను పెందలాడే ఆఫీసుకు వచ్చేవాడు. ఆ మాట మాత్రం నోరు దాటేది కాదు.

ఆఫీసును రెండు ఊళ్ళకు విడగొడుతున్నారు. ఎవరితో పనిచేయాలనుందో ఒక్కొక్కరూ ఒక పేరో నాలుగు పేర్లో ఇస్తే, చూసి టీములు కట్టే ప్రోగ్రాం వీళ్ళిద్దరూ రాయాలి. ఒక్క పేరే వస్తే దాన్ని లిస్టుగా మార్చే రెండు లైన్లు ఆమె రాసింది. అతి జాగ్రత్త అని అతను కొట్టేశాడు.

"నేనెవరి పేరిచ్చానో చూస్తారుగా?" అంది ఆమె, కిటికీలోంచి వానను చూస్తూ.

"ఎవరు ఎవర్ని అడిగారో మనం చూడకూడదు. రూలు."

ప్రోగ్రాం నడిచింది. ఆమెకు అవతలి ఊరు వచ్చింది. ఆ తర్వాత ఆమె కోడ్ మీద కూడా పోట్లాడలేదు.

వారం తిరక్కుండా మేనేజరు వచ్చాడు. "ఏమయ్యా, ఒక్క పేరే ఇచ్చినవాళ్ళంతా చెల్లాచెదురయ్యారేంటి?"

అప్పుడు అతను కోడ్ తెరిచి చూశాడు. ప్రోగ్రాం ఒక్క పేరును కూడా లిస్టే అనుకుని, అక్షరం అక్షరం విడగొట్టి, అలాంటి మనుషులెవరూ లేరని తేల్చేసింది. ఆమె కోరిన పేరు ఉండాల్సినచోట విడివిడిగా పడున్నవి అతని పేరులోని అక్షరాలే. చేజేతులా చేసుకున్నాడు.

ఆమె డ్రాయరు ఖాళీ చేస్తోంది.

"నీ లైన్లు మళ్ళీ పెట్టేశాను. తప్పు నాదే. టీములు మళ్ళీ కడతాం, ఉండిపో."

"అక్కడ నన్ను టీం లీడ్‌ని చేశారు. నిన్ననే సరేనన్నాను. నా మనసు తెలిసి కూడా పంపించేశారనుకున్నా."

"నేను చూడనేలేదు!"

"అదే మాస్టారూ, బాధ."

"నువ్వంటే నాకిష్టం. ఎప్పుడో చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే." ఆమె కళ్ళు తుడుచుకుని సంచీ భుజాన వేసుకుంది.

"ఆదివారం అక్కడికి రానా?"

"ఎంతమంది?"

"నేనొక్కణ్ణే."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "తలుపు తీస్తాలెండి" అని లిఫ్టు వైపు నడిచింది.