యాంప్‌కి జ్వరం

మూడో పాటలో, సరిగ్గా గాయకుడు కళ్ళు మూసుకుని విరహంలో మునిగిపోయిన చోట, బేస్ గిటార్ ఆగిపోయింది.

ఆ సంగతి గాయకుడికి తెలియలేదు. డ్రమ్మర్‌కి సొంత మోత తప్ప వేరే మోత ఏనాడూ వినపడదు. ఇక ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకైతే స్టేజీ మీద బేస్ గిటార్ అనేది ఒకటి ఉందనే తెలియదు. బేస్ వాయించేవాడి బతుకంతే, కూరలో ఉప్పు లాంటిది. ఉన్నంతసేపూ కూరనే పొగుడుతారు.

పాపం మన బొంయ్ (బ్యాండ్‌వాళ్ళు పెట్టిన పేరు, కన్నవాళ్ళని అనకండి) తీగలు మీటుతూనే ఉన్నాడు. పరువు కోసం తల కూడా ఊపుతున్నాడు. వెనకున్న యాంప్, అంటే గిటార్ మోతని పెంచే పెట్టె, మాత్రం మూగనోము పట్టింది.

హాలు చివర మిక్సర్ బల్ల వెనక కూర్చున్న అమ్మాయి చటుక్కున తలెత్తింది. హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని నేరుగా అతనివైపే చూసింది. అన్నేళ్ళుగా వాయిస్తున్నా, వాయించడం ఆగితే తనవైపు చూసిన మనిషి అతనికి ఆవిడే మొదటిది. ఆ చూపుకి బొంయ్ గుండె కూడా ఓ క్షణం ఆగింది, యాంప్‌కి తోడుగా.

ఇంటర్వెల్‌లో ఆ సౌండమ్మాయి చేతిలో టార్చ్‌తో స్టేజీ ఎక్కింది. యాంప్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కుంది.

"ఏమండీ, దీనికేమైనా పెళ్ళా?"

"అంటే?"

"ఈ ఊదారంగు వెల్వెట్ ఏంటి? ఈ లేసులేంటి?"

"తొడుగండీ. మా వదిన కుట్టింది. ఆవిడ టైలరు."

"వెనకాల కూడా కుట్టేశారే!"

"మా వదిన ఏ పనీ సగం సగం చెయ్యదండీ," అన్నాడు బొంయ్ గర్వంగా.

సౌండమ్మాయి నుదురు కొట్టుకుంది. "మహానుభావా! వెనక జాలీ పెట్టింది అందం కోసం కాదు. వేడి బయటికి పోవడానికి. లోపల ఫ్యాన్ తిరిగేది కూడా అందుకే. మీరేమో చక్కగా దుప్పటి కప్పి, గోడకి ఆనించి, వాల్యూమ్ చివరిదాకా తిప్పారు. అది కాలి బూడిదవకుండా తనంతట తానే ఆగిపోయింది. మీకంటే దానికే బుద్ధి ఎక్కువ."

"వాల్యూమ్ తిప్పకపోతే నేను ఎవరికి వినపడతానండీ?"

"నాకు వినపడతారు. చాలదా?"

ఆవిడ ఉద్యోగ ధర్మంగా అన్నదే ఆ మాట. కానీ బొంయ్ దాన్ని ఉద్యోగ ధర్మంగా వినలేదు.

ఆ హాలు సౌండమ్మాయి పెద్దమ్మది. పెద్దమ్మకి సంగీతం పెద్దగా తెలియదు గానీ, శబ్దంలో సందు వస్తే మాత్రం నిద్రలో కూడా లేచి కూర్చుంటుంది. కార్యక్రమం అయిపోగానే వచ్చి, "ఈ పిల్లల్ని ఇంక పిలవద్దు" అంది.

"ఒక్క ఛాన్స్ ఇవ్వు పెద్దమ్మా. యాంప్ సంగతి నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటావా? అయితే విను. వచ్చే నెల ప్రోగ్రాంలో పాట మధ్యలో మళ్ళీ ఆగిందంటే వాళ్ళతోపాటు నువ్వూ ఆ బల్ల దగ్గర్నుంచి లేవాలి. టికెట్ల కిటికీలో కూర్చుందువుగాని. సరేనా?"

ఆ బల్ల కోసం సౌండమ్మాయి ఎంత పోరిందో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా "సరే" అనేసింది. పక్కనే నిలబడి వైరు చుడుతున్న బొంయ్ ఆ మాట విని, చుట్టిన వైరునే మళ్ళీ మళ్ళీ చుట్టాడు.

*

బ్యాండ్ ప్రాక్టీసు బొంయ్ వాళ్ళన్నయ్య ఇంటి కారు షెడ్డులో. కారు ఎప్పుడో అమ్మేశారు. ఒక మూల వదిన కుట్టుమిషను, ఇంకో మూల డ్రమ్ములు. ఏది ఎక్కువ మోతో ఇప్పటికీ తేలలేదు.

సౌండమ్మాయి వచ్చి యాంప్‌ని గోడకి జానెడు దూరం జరిపించింది. మూత విప్పి, ఫ్యాన్ రెక్కల్లో పేరుకున్న దుమ్ముని బ్రష్‌తో దులిపింది. వాల్యూమ్ సగం దగ్గర సుద్దముక్కతో గీత గీసింది.

"ఈ గీత దాటకండి. మిగతాది హాలు స్పీకర్లు చూసుకుంటాయి. ఏదీ, ఏదో ఒకటి వాయించండి."

బొంయ్ వాయించాడు. ఆవిడ యాంప్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నది. చెయ్యి ఆనింది యాంప్‌కే గానీ, వేడెక్కింది మాత్రం ఇతని చెవులు. వచ్చిన పాటే మూడుచోట్ల తప్పాడు.

"బాగుంది. ఇంక దీనికి ఏ జబ్బూ లేదు," అంది ఆవిడ బ్రష్ సంచిలో పెట్టుకుంటూ. "నేను మళ్ళీ రావక్కర్లేదు."

బొంయ్ నెత్తిన పిడుగు పడింది. జబ్బు నయమైతే డాక్టరమ్మ రాదన్నమాట!

మర్నాడు సాయంత్రం వదిన కుట్టుమిషను ఆపి కళ్ళజోడు పైకి తోసింది. "ఏరా మరిదీ, ఆ పిల్ల తొడుగు తీసెయ్యమంది కదా. మళ్ళీ ఎందుకు తొడుగుతున్నావు?"

"చలేస్తుందేమోనని వదినా."

"యాంప్‌కా?"

"ఊఁ."

"నీ మొహానికి అబద్ధాలు అతకవురా," అని వదిన నవ్వుకుంటూ మిషను తొక్కింది. కానీ అతన్ని ఆపలేదు. ఆ మాటకొస్తే, రెండు కప్పులు టీ ఎక్కువ పెట్టింది కూడా.

తొడుగు వేసి, సుద్దగీత దాటించి, యాంప్‌ని గోడకి తోసి వాయించాడు. అది కాసేపు ఓర్చుకుని, ఉసూరుమని ఆగిపోయింది. తొడుగు తీసి దాచేసి ఫోన్ చేశాడు.

"హలో అండీ, మళ్ళీ ఆగిపోయిందండీ!"

"అదేంటి? అంతా చూశానే!"

"ఏమోనండీ. నాకేం తెలుసు."

ఆవిడ వచ్చింది. చూసింది. తల గోక్కుంది. టీ తాగింది. ఆ సాయంత్రం వాన పట్టుకుంది. షెడ్డు రేకుల మీద చినుకులు డ్రమ్మర్ కంటే శుభ్రంగా తాళం వేశాయి. వాన తగ్గేదాకా ఆవిడ కుర్చీలో, ఇతను యాంప్ పక్కన నేల మీద. పాటల గురించి మాట్లాడుకున్నారు. ఆ వాన ఆగకూడదని బొంయ్ మొక్కని మొక్కు లేదు.

ఆ వారంలోనే యాంప్ మళ్ళీ ఆగింది. ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి తల గోక్కోలేదు. అతనివైపు అదోలా చూసి, టీ మాత్రం తాగి వెళ్ళింది.

ఇంకోసారి ఆగింది. ఆరోజు సౌండమ్మాయి మూత విప్పి, ఫ్యాన్‌లోంచి చిన్న పోగు ఒకటి లాగింది. ఊదారంగు పోగు. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని అతని ముక్కు ముందు ఊపింది.

"ఏంటండీ ఇది?"

"అది... గాలికి..."

"వెల్వెట్ గాలికి ఎగురుతుందా? నా బల్ల మీ చేతుల్లో పెట్టానండీ నేను. పెద్దమ్మకి మాటిచ్చాను. మీకది ఆటగా ఉందా?"

"అది కాదండీ, నేను..."

"ఇంకోసారి యాంప్ ఆగిందని ఫోన్ చేశారంటే చూడండి. నాన్నా పులి కథ తెలుసుగా? నిజంగా పులి వచ్చినా నేను రాను!"

పెట్టిన టీ పెట్టినట్టే ఉంది. ఆవిడ వెళ్ళిపోయింది.

వదిన మిషను మీదనుంచి లేచి వచ్చి, చల్లారిన కప్పు చేతిలోకి తీసుకుంది. "'చూడాలనుందమ్మా, రా' అని నోటితో చెప్పడానికి ఇంత యంత్రాంగం కావాలిట్రా నీకు?" అంది. బొంయ్‌కి ఆ రోజంతా అన్నం కూడా సయించలేదు.

*

ప్రోగ్రాం రోజు బొంయ్ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత శ్రద్ధగా అన్నీ చేశాడు. తొడుగు లేదు. గోడకి జానెడు కాదు, మూరెడు దూరం. వాల్యూమ్ సుద్దగీతకి ఇవతలే. సౌండమ్మాయి అతన్ని పలకరించలేదు. వైర్లు ఇచ్చింది, తీసుకున్నాడు, అంతే. పెద్దమ్మ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

మొదటి పాట బాగా సాగింది. రెండో పాట సగంలో వీపుకి సెగ తగిలింది. బొంయ్ వెనక్కి చెయ్యి పెట్టి జాలీ దగ్గర చూశాడు. గాలి రావడం లేదు. ఇన్నాళ్ళూ తను ఆడిన నాటకంలో వెల్వెట్ పీచు మింగి మింగి, ఫ్యాన్ ఈరోజు నిజంగానే చచ్చిపోయింది.

గిటార్ వాయిస్తూనే మెడతో సైగ చేశాడు. కళ్ళతో చేశాడు. గడ్డంతో యాంప్‌వైపు చూపించాడు. హాలు చివర సౌండమ్మాయి చూసింది. చూసి, మొహం తిప్పేసుకుంది.

పాట ఎలాగో గట్టెక్కింది. చప్పట్లు పడుతున్నాయి. తర్వాతది పొడుగు పాట, మధ్యలో ఖాయంగా ఆగుతుంది. ఆగితే తనకేం? ఇంకో హాలు చూసుకోవచ్చు. కానీ ఆవిడ బల్ల పోతుంది. అది తన మూలాన పోతుంది.

ఏనాడూ మైకు ముందుకు రానివాడు, నాలుగడుగులు ముందుకేసి గాయకుడి చేతిలో మైకు లాక్కున్నాడు.

"అందరికీ నమస్కారం. నేను బేస్ వాయించేవాణ్ణి."

"ఎవరూ?" అన్నారెవరో వెనకనుంచి.

"అదేనండీ, పక్కన నిలబడేవాణ్ణి. సౌండ్ మేడమ్‌గారికి ఒక మనవి. నా యాంప్ వేడెక్కిందండీ. ఇదివరకు మూడుసార్లు ఆగిందని చెప్పింది పచ్చి అబద్ధం. నేనే దుప్పటి కప్పి వేడెక్కించాను. మీరు వస్తారని. మిమ్మల్ని చూడాలని. రమ్మని అడిగే ధైర్యం లేక. కానీ ఇప్పుడు పులి నిజంగానే వచ్చిందండీ. నన్ను తిట్టాలంటే తర్వాత తీరిగ్గా తిట్టండి. మీ బల్ల మాత్రం పోకూడదు."

ప్రోగ్రాం చూడ్డానికి వచ్చిన వదిన వెనక వరసల్లో ఎక్కడో కిసుక్కుమంది. అంతే, హాలు హాలంతా గొల్లుమంది. ఈలలు కూడా పడ్డాయి. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

సౌండమ్మాయి మిక్సర్ దగ్గరనుంచి పరుగెత్తుకుంటూ వస్తోంది. ఒక చేతిలో చిన్న ఇనప డబ్బా, ఇంకో చేతిలో వైరు. మొహం కందగడ్డలా ఉంది. కోపమో సిగ్గో చెప్పడం కష్టం.

"తప్పుకో!" అంది. మొదటిసారి ఏకవచనం! బొంయ్‌కి అంత గందరగోళంలోనూ అది తీయగా తగిలింది.

యాంప్ స్విచ్ ఆపేసింది. గిటార్ వైరు పీకి డబ్బాలో గుచ్చింది. "నీ శబ్దం ఇంక యాంప్‌లోకి పోదు. ఇందులోంచి నేరుగా నా బల్లకి, అక్కణ్ణుంచి హాలు స్పీకర్లకి. అర్థమైందా?"

"మరి నాకెలా వినపడుతుంది?"

"అందరికీ వినపడ్డాక, వెనక గోడకి కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది. దాన్ని నమ్మావో తాళం తప్పుతావు."

"మరి దేన్ని నమ్మను?"

"నా చెయ్యి చూడు. నేను తాళం వేస్తుంటాను. కళ్ళు పక్కకి తిప్పావో, చంపేస్తాను."

పాట మొదలైంది. ఇంతకంటే తీపి శిక్ష లోకంలో ఇంకోటి ఉండదు. హాలు చివర, దీపం కింద, గాలిలో పైకీ కిందకీ ఆడుతున్న ఒక చెయ్యి. దాని వెనక ఒక మొహం. పాటంతా దాన్నే చూస్తూ ఉండమని హుకుం! బొంయ్ ఒక్క స్వరం తప్పలేదు. మధ్యలో ఆ మొహం నవ్వు ఆపుకోలేక కింది పెదవి కొరుక్కుంది, అప్పుడు మాత్రం అతని వేళ్ళు తప్పబోయి సర్దుకున్నాయి. చివరి పాటదాకా మోత ఎక్కడా తెగలేదు.

తెర పడ్డాక పెద్దమ్మ స్టేజీ వెనక్కి వచ్చింది. చల్లారిన యాంప్‌ని చెప్పుకాలితో తట్టింది.

"ఈ పెట్టె పాట మధ్యలో ఆగిందా?"

"లేదండీ. మధ్యలో కాదు. ముందే ఆపేశాం," అన్నాడు బొంయ్ బిక్కచచ్చిపోయి.

"అయితే నా మాట మాటే, మా అమ్మాయి బల్ల మా అమ్మాయిదే. మీరు వచ్చే నెల రండి." పెద్దమ్మ వెళ్ళబోతూ ఆగింది. "ఏవమ్మాయ్, వీడికి ఈ నోరు ఇదివరకు లేదా?"

"లేదు పెద్దమ్మా. ఇవాళే వచ్చింది."

"ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది. ఇందాక ముందు నవ్వింది వీడి వదినటగా, ఆవిడని ఓసారి ఇంటికి రమ్మను, మాట్లాడాలి," అని, మొదటిసారి నవ్వి వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళు డ్రమ్ములు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. యాంప్‌కి అటుపక్క పిడి బొంయ్, ఇటుపక్క పిడి సౌండమ్మాయి. మెట్ల దగ్గర ఇద్దరూ దాన్ని కింద పెట్టారు.

"నాకు రెండోసారే తెలుసు," అంది ఆవిడ.

"ఏం తెలుసు?"

"నువ్వే కప్పుతున్నావని. నేను గీసిన సుద్దగీత నీ వేళ్ళు తగిలి సగం చెరిగిపోయి ఉంది."

"తెలిసీ వచ్చావా? మరి ఆ తర్వాత ఎందుకంత కోపం?"

"రాదా మరి? ఈసారైనా మామూలుగా పిలుస్తాడు, ఈసారైనా పిలుస్తాడు అని చూస్తుంటే, మళ్ళీ అదే యాంపు!"

బొంయ్ చుట్టూ చూశాడు, మైకు లేదు. అయినా అడిగేశాడు.

"రేపు సాయంత్రం మా షెడ్డుకి వస్తావా?"

"ఏం పాడైంది?"

"ఏమీ పాడవలేదు. పనేమీ లేదు. ఊరికే."

సౌండమ్మాయి తన పక్క పిడి పట్టుకుని యాంప్‌ని పైకెత్తింది. ఇతను ఇంకా ఎత్తలేదు, అలాగే చూస్తున్నాడు.

"ఊరికే అయితే వస్తాను," అంది. "ఎత్తు, చేతులు నొప్పెడుతున్నాయి."