వెంట్రుకవాసి సందు

మా వంటగదికి ఆనుకుని ఒక ఇరుకు గది ఉంది. ఇల్లు అద్దెకిచ్చినాయన దాన్ని సామాన్ల గది అన్నాడు. మా ఆయన మాత్రం పిల్లలతో "మీ అమ్మ కార్ల ఫ్యాక్టరీ" అంటారు. ఒక బల్ల, మెడ వంచే దీపం, స్టాండుకి బిగించిన భూతద్దం, వరసగా రంగు సీసాలు. కిటికీలో చిన్న ఫ్యాను పెట్టుకున్నాను. పని చేసేటప్పుడు తలుపు కింద తువ్వాలు కుక్కుతాను. రంగు వాసన పిల్లల గదిలోకి పోకూడదు కదా.

నేను పళ్ల ల్యాబులో పనిచేస్తాను. పగలంతా కట్టుడు పళ్లకి మెరుగు పెట్టి, ఇంటికొచ్చి అరచేతిలో పట్టే కార్లకి మెరుగు పెడతాను. "నీకు పెద్ద వస్తువులతో పడదా?" అని మా ఆయన ఎగతాళి. పెద్ద వస్తువులంటే నాకు భయమన్న సంగతి ఆయనకి తెలుసు. అయినవాళ్లందరికీ దూరంగా ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాం. ఏదైనా అయితే పరుగెత్తుకొచ్చే మనిషి లేడు. అందుకే నేను సీటు బెల్టు ముమ్మారు లాగి చూస్తాను. పడుకునేముందు పొయ్యి చూసి, తలుపు చూసి, మళ్లీ పొయ్యి చూస్తాను.

నాకు తెలుగులో తిట్లు పడే చోటు ఒక్కటే మిగిలింది. ఫోనులో "చిన్న బండ్లు" అనే గ్రూపు. అక్కడ ఎవరు ఏ దేశంలో ఉన్నారో ఎవరూ అడగరు. చేసిన బండి ఫోటో పెట్టాలి, మిగతావాళ్లు తప్పులు చెప్పాలి. బాగుంది అనకూడదు. చెప్పిన తప్పు సరిదిద్దకుండా తర్వాతి పని ముట్టుకోకూడదు. గ్రూపులో పెద్దాయన్ని ప్రైమర్ బాబాయి అంటాం. ఏ ఫోటో పెట్టినా "అడుగు పూత చాల్లేదమ్మా" అనే మొదలుపెడతాడు. కొలతల వదిన ఉంది. అద్దం తుడిచే పుల్ల నిజం కారులో ఎంత ఉంటుందో కొలిచి మరీ ఏడిపిస్తుంది.

ఆ వానాకాలం నేను మా సొంత కారునే చేయడం మొదలుపెట్టాను. మా అమ్మాయి, పెద్దది, ఏరికోరి ఎంచుకున్న ఆకుపచ్చ రంగు. వెనకద్దం మీద చిన్నోడు అంటించిన నక్షత్రం. నాలుగు తలుపులూ కోసి, సన్న తీగతో కీలు పెట్టి, తెరుచుకునేలా చేశాను. లోపల సీట్లే ఉన్నాయి. బొమ్మ మనుషులు లేరు. అది మా కారని గ్రూపులో చెప్పలేదు. బాడీ అతికించి ఫోటో పెట్టాను.

బాబాయి అడుగు పూత చాల్లేదన్నాడు. వదిన చక్రాలు లావన్నది. ఆ కింద ఇంకొకరు రాశారు. పేరు దగ్గర ఒక చుక్క మాత్రమే ఉంది, ఫోటో లేదు.

"చిన్నోడు ఎక్కే వైపు తలుపు దగ్గర వెంట్రుకవాసి సందు ఉంది. అతికించు."

చిన్నోడి మాట నేనెప్పుడు చెప్పానా అని పాత మాటలన్నీ వెనక్కి జరిపి చూశాను. ఎక్కడా లేదు. ఎప్పుడో నోరు జారి ఉంటానులే అనుకున్నాను. భూతద్దం కింద చూస్తే, నిజమే. కీలు వదులై, తలుపుకీ బాడీకీ మధ్య సన్నటి నల్లగీత. తప్పు తప్పే. సూది మొనతో ఒక చుక్క జిగురు పెట్టి మూసేశాను.

మర్నాడు బడికి బయల్దేరేటప్పుడు, నిజం కారులో చిన్నోడి వైపు తలుపు రాలేదు.

మెకానిక్ వచ్చి చూశాడు. "లాకు బాగానే ఉందండీ. తలుపే బాడీతో కలిసిపోయినట్టుంది. దీన్ని ఎవరైనా అతికించారా ఏంటి?" అని నవ్వాడు. షెడ్డులో ఖాళీ లేదు, వచ్చేవారం తీసుకురమ్మన్నాడు.

నేను నవ్వలేదు. అంతకుమించి ఏమీ అనుకోనూ లేదు. ఏమనుకుంటాను?

ఆ శనివారం పొద్దున్నించీ వాన. మధ్యాహ్నానికే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. మా ఆయన పిల్లల్ని ఈతకి తీసుకెళ్తానన్నారు.

"ఆ తలుపు బాగయ్యేదాకా కారు వద్దండీ" అన్నాను.

"మిగతా మూడూ ఉన్నాయి కదోయ్. ఒక తలుపు రాకపోతే కారెక్కడం మానేస్తామా? నీ లెక్కన మనం గోడకి మేకు కొట్టుకుని వేలాడాలి."

పిల్లలు పకపకా నవ్వారు. నేను బెల్టులు లాగి చూసి పంపాను.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఫ్యాక్టరీలోకి వెళ్లి తలుపు కింద తువ్వాలు కుక్కి కూర్చున్నాను. ఒక తలుపు బిగుసుకుని, మూడు తలుపులు ఊగుతున్న కారు నా కళ్లకి ఎబ్బెట్టుగా కనిపించింది. చేస్తే అన్నీ ఒకేలా ఉండాలి. మిగతా మూడింటికీ జిగురు పెట్టేశాను. కదిలే అద్దాల అంచులకీ పెట్టాను. ఎవరూ చెప్పలేదు. ఆ పని నేనే చేశాను.

ఫోటో పెట్టాను. చుక్క వెంటనే రాసింది.

"ఇప్పుడు బాగా మూసుకుంది. కానీ రంగు కింద దుమ్ము ఉంది. కడిగి మళ్లీ వెయ్యి."

భూతద్దం కింద చూశాను. పైకప్పు మీద, మెరుపు పూత అడుగున, ఒక నూలుపోగు. ఒకసారి కంట పడ్డాక ఇక అదే కనిపిస్తుంది. బాడీ విప్పితే పగులుతుంది. స్పిరిట్‌లో ముంచితే రంగు ఒక్కటే ఊడుతుంది, ప్లాస్టిక్‌కి ఏమీ కాదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో స్పిరిట్ నింపి, కారుని మునిగేదాకా దించాను. సందుల్లోంచి బుడగలు వచ్చాయి. పిల్లలొచ్చేసరికి వాసన ఉండకూడదని మూత బిగించాను.

ఫోను మోగింది.

"ఏమోయ్..." మా ఆయన గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు. "కంగారుపడకు. ఈతకొలను కింద పార్కింగులో ఉన్నాం. ఇంటికొద్దామని కారెక్కి, పిల్లలు బిస్కెట్లు తినేదాకా ఆగాం. ఇప్పుడు చూస్తే తలుపులు రావట్లేదు."

"ఏ తలుపు?"

"ఏదీ రావట్లేదు. అద్దాలు కూడా దిగట్లేదు. కారులో ఏదో వాసన... ఘాటుగా."

వెనక నుంచి పెద్దది సన్నగా అంటోంది. "అమ్మా, ఆస్పత్రి వాసన..."

ఫోను స్పీకరు మీద వేసి బల్ల మీద పెట్టాను.

"బయట ఎవరూ లేరా?"

"బయట ఏమీ కనిపించట్లేదే. దీపాలు పోయినట్టున్నాయి. అద్దం మీద నుంచి ఏదో కారుతోంది. నీళ్లు కాదు..." ఆయన ఆగారు. "పచ్చగా ఉంది."

నేను డబ్బా వైపు చూశాను.

స్పిరిట్ పచ్చబడుతోంది. కారు పైకప్పు మీంచి రంగు పొగలా లేస్తోంది. అప్పుడు వినిపించింది. ఫోనులో కాదు. డబ్బాలోంచి.

టక్... టక్... టక్...

"ఆ చప్పుడేంటి?" అన్నాను.

"చిన్నోడు అద్దం కొడుతున్నాడు."

టక్... టక్...

మూత ఊడదీశాను. రెండు వేళ్లతో కారుని పట్టి పైకి లాగాను. లోపల స్పిరిట్ ఉంది కదా... అలవాటుగా, ఒంచాను.

ఫోనులో ముగ్గురూ ఒక్కసారే అరిచారు. ఏదో దేనికో గట్టిగా తగిలిన చప్పుడు. చిన్నోడి ఏడుపు.

"కారు పడిపోతోంది! పక్కకి... పక్కకి..."

నేను చెయ్యి బిగబట్టాను. నీళ్ల గిన్నె మోసినట్టు సమంగా, మెల్లగా, కారుని బల్ల మీద నిలబెట్టాను. సందుల్లోంచి స్పిరిట్ బొట్లుబొట్లుగా కారింది. కిటికీ అద్దం లోపలివైపు ఆవిరి పట్టింది. ఆ ఆవిరి మీద, ఆవగింజంత, ఒక అరచేతి గుర్తు...

"ఏవండీ. నేను చెప్పింది చెయ్యండి. ఎందుకని అడక్కండి. మీ వైపు తలుపుకి దూరంగా జరగండి. పిల్లల్ని సీటు మధ్యలోకి లాగండి. బెల్టులు తీసెయ్యండి."

"ఎందు..."

"జరగండి!"

కొత్త బ్లేడు తీశాను. పళ్ల పనిలో నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఆ రోజూ వణకనివ్వలేదు. స్టీరింగు వైపు తలుపు గీతలో మొన ఆనించి నొక్కాను. జిగురు పలకలేదు. ఇంకొంచెం నొక్కాను.

ఫోనులో ఇనుము చీరుతున్న చప్పుడు.

"లోపలికి ఏదో వస్తోంది..." ఆయన గుసగుసలాడారు. "తెల్లగా..."

"కదలకండి. ఎవరూ కదలొద్దు."

"అమ్మా..." అంది పెద్దది.

"కదలకు తల్లీ. ఊపిరి కూడా గట్టిగా తీయకు."

గీత వెంబడి కిందికి. మూల దగ్గర మలుపు. మళ్లీ పైకి. టప్ మని తలుపు ఊడి బల్ల మీద పడింది.

ఫోను కట్టయింది.

ఆ తర్వాత ఎంతసేపు ఆ బల్ల ముందు నిలబడ్డానో తెలీదు. కారుని ముట్టుకోలేదు. గాలి తగిలితే కదులుతుందేమోనని ఫ్యాను కూడా ఆపేశాను. చివరికి గుమ్మం ముందు టాక్సీ ఆగింది. ముగ్గురూ దిగారు. ముగ్గురికీ ఒళ్లంతా స్పిరిట్ వాసన. ఆయన కోటు చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా తెగి వేలాడుతోంది. చర్మం మీద గీత కూడా లేదు. చిన్నోడి అరచేతులు రెండూ పచ్చగా ఉన్నాయి.

"కారు రేకు బోడిగా మిగిలింది. రంగన్నదే లేదు" అన్నారు ఆయన, పిల్లలకి వినపడకుండా. "తలుపు సందులోంచి వచ్చిందే, అది... మన కారంత పొడుగుంది."

బల్ల మీద ఏముందో ఆయనకి చెప్పలేదు. చెబితే నమ్మరని కాదు, నమ్మితే ఏం చేస్తారోనని.

పిల్లలకి తల రుద్ది స్నానం చేయించాను. పచ్చరంగు మాత్రం పోలేదు. ఇద్దరూ రెండంతస్తుల మంచమెక్కి, చీకటి పడీపడకముందే నిద్రపోయారు. కారుని లాక్కెళ్లే బండి వచ్చిందని కబురొస్తే ఆయన మళ్లీ పార్కింగుకి వెళ్లారు. నేను ఆ చిన్న కారుని దూదిలో పెట్టి, అటకెక్కించాను. ఇక గ్రూపులోంచి తప్పుకుందామని, హాల్లో నిలబడి ఫోను తెరిచాను.

కొత్త ఫోటో ఉంది. చుక్క పెట్టింది. చుక్క ఇంతవరకూ తన పని ఎప్పుడూ చూపించలేదు.

"ఇంకా పైకప్పు పెట్టలేదు. తప్పులు చెప్పండి."

కారు కాదు. ఒక గది. పైనుంచి తీసిన ఫోటో. గోడ వారగా రెండంతస్తుల మంచం. పై అంతస్తులో ఒక అమ్మాయి, దుప్పట్లోంచి ఒక కాలు బయటపెట్టి. పెద్దది అలాగే పడుకుంటుంది. కింది అంతస్తులో ఒక బాబు, చేతులు చాపుకుని. ఫోటోని పెద్దది చేశాను. అరచేతులు పచ్చగా ఉన్నాయి.

కింద కొలతల వదిన రాసింది. "దుప్పటి మడతలు అచ్చం... సరే సరే, పొగడకూడదుగా! కిటికీ రెక్క వదులుగా ఉంది. అతికించండి."

"అతికించాను" అని చుక్క.

ఒక్క పరుగున పిల్లల గదిలోకి వెళ్లాను. కిటికీ రెక్క పట్టి లాగాను. గోళ్లు విరిగాయి. అది కదల్లేదు. గదిలో జిగురు వాసన. తలుపు కింద నుంచి వచ్చే వాసన కాదు. పైనుంచి దిగుతున్న వాసన.

ఫోను మళ్లీ మెరిసింది. ప్రైమర్ బాబాయి.

"అడుగు పూత చాల్లేదు బాబూ. కానీ ఆ సంగతి తర్వాత, ముందు తలుపు చూడు. వెంట్రుకవాసి సందు ఉంది."

నా వెనక తలుపు దానంతటదే మూసుకోవడం మొదలుపెట్టింది. దూకి, సందులో కాలు పెట్టాను. చెక్క అంచు మడమ మీద నొక్కుతోంది. గాలి తోసినట్టు లేదు. వేళ్లతో ఒత్తిపట్టినట్టు, ఓపిగ్గా, సమంగా...

"పెద్దదానా, లే! తమ్ముణ్ణి లేపు! ఇలా వచ్చెయ్యండి, నా దగ్గరికి!"

ఇద్దరూ కదల్లేదు. స్పిరిట్ పట్టిన నిద్ర. వెళ్లి ఎత్తుకొద్దామంటే కాలు తీయాలి. తీస్తే...

ఒంటిచేత్తో గ్రూపులో రాశాను. "బాబాయ్, వదినా, మీకు దణ్ణం పెడతాను. ఆ ఫోటోకి ఇంకేమీ చెప్పకండి."

నా మాట కింద చుక్క జవాబు వచ్చింది. నాకు కాదు, బాబాయికి.

"అది సందు కాదు బాబాయ్. అక్కడ ఒకావిడ కాలు అడ్డం పడింది. కత్తిరించి మూసేస్తాను."