ప్లగ్గు పీకిన చెయ్యి

ఇలా నా పక్కకి జరిగి కూర్చో తల్లీ. ఆ చిక్కుడుకాయల గిన్నె కూడా ఇటు లాగు, చేతులు పనిలో ఉంటేనే నాకు మాట సాగుతుంది. మా కోడలు రోసిత్సా గురించి నీకు ఎవరెవరో ఏదేదో చెప్పి ఉంటారు. అత్త ఆ పిల్లను రాచి రంపాన పెట్టిందని కూడా చెప్పి ఉంటారు. అందులో అబద్ధం తక్కువే. ఆ అత్తను నేనే కాబట్టి, మిగతాది నా నోటితోనే విను.

నా కొడుకు పెంచో పోయిన మూడో ఏడు మా సెవ్లియెవోలో కుట్టు ఫ్యాక్టరీ మూతపడింది. పదహారేళ్ళు అదే కుర్చీలో కూర్చుని జాకెట్లకు చేతులు అతికిన పిల్ల, ఒక శుక్రవారం మధ్యాహ్నం తన కత్తెరను గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చి, వంటగది బల్ల ముందు కూలబడిపోయింది. మా ఊళ్ళో పని పోయిన ఆడవాళ్ళకు మిగిలేది ఒకటే దారి... ఇటలీ వెళ్ళి అక్కడి ముసలివాళ్ళకు సేవ చేయడం. వెస్కా అనే ఆవిడ ఊరంతా తిరిగి పేర్లు రాసుకుని, శనివారం బస్సులో ఎక్కించి పంపేది. మా పై అంతస్తు త్సోంకా కోడలు అలాగే వెళ్ళి ఆరేళ్ళయింది. వాళ్ళ పిల్లలు ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, అందులో తల్లి ముఖం చూస్తూ సూపు తాగేవాళ్ళు. చిన్నవాడైతే త్సోంకానే అమ్మా అని పిలిచేవాడు. తల్లి సెలవులకు వస్తే వాడు తలుపు వెనక దాక్కున్నాడు. ఆ ఏడుపు మా గోడల్లోంచి వినిపించింది. రోసిత్సా ఆ రోజు తన ఎనిమిదేళ్ళ కూతురు కలీనాను ఒళ్ళోంచి దించలేదు.

అప్పుడే ఉపాధి కార్యాలయం వాళ్ళు లినక్స్ అనే ఒక కంప్యూటర్ చదువు పెట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల వ్యవస్థట అది, పెద్ద పెద్ద యంత్రాలన్నీ దాని మీదే నడుస్తాయట. మా ఊరి ఆసుపత్రిలో ఆ యంత్రాలు చూసుకునే పెద్దాయన జులై ఆఖరుకి పని మానుకుంటున్నాడు. సర్టిఫికెట్ తెస్తే ఆ చోటు నీదేనని రోసిత్సాకు మాటిచ్చారు. ఇక ఆ పిల్ల చేతుల్లో సూది పోయి, మీటలు వచ్చాయి. బడివాళ్ళు పారేసిన ఒక పాత కంప్యూటరు పెట్టెను తెచ్చి వంటగది బల్ల కింద పెట్టింది.

నేను ఊరుకున్నానా?

"ముప్పై తొమ్మిదేళ్ళ మనిషివి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూస్తే కడుపు నిండుతుందా అమ్మాయ్?" అనేదాన్ని. "పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, ముందు వాటిని చూసుకో. అవైతే కనిపిస్తాయి."

"చూస్తున్నాను అత్తయ్యా," అనేది. అంతే. ఎదురు మాట్లాడితే నాకు కాస్త తృప్తిగా ఉండేది. మాట్లాడేది కాదు.

ఆ పరీక్షలో రాసేదేమీ ఉండదు తల్లీ. ముందు ఒక యంత్రం పెట్టి, రెండున్నర గంటలిచ్చి, పదిహేడు పనులు చెప్పి, చేసి చూపించమంటారు. మే నెలలో రాజధాని సోఫియా వెళ్ళి మొదటిసారి కూర్చుంది. మా వైపు ఎవరైనా పరీక్షకు వెళ్తుంటే గడప ముందు నీళ్ళు ఒలకబోస్తాం, పని నీళ్ళలా సాగిపోవాలని. ఆ పొద్దున నేను కిటికీ దగ్గర కూర్చునే ఉన్నాను, లేవలేదు. రోసిత్సా గడప దాటి ఒక క్షణం ఆగి, పొడి మెట్ల వైపు చూసి, దిగి వెళ్ళిపోయింది. ఆ చూపు ఇవాళ్టికీ నాకు ఇక్కడ, గుండెల దగ్గర గుచ్చుకుంటూనే ఉంటుంది...

"అన్నీ చేశాను అత్తయ్యా. ఒక్కటి కూడా వదల్లేదు," అని మెరిసే కళ్ళతో తిరిగొచ్చింది. రెండు రోజులకు ఫలితం వచ్చింది. మూడు వందలకు ఎనభై ఎనిమిది. రెండు వందల పది రావాలి. ఎందుకు పోయిందో వాళ్ళు చెప్పరు, అంకె మాత్రమే చెబుతారు. ఆ పిల్ల ఏడవలేదు. ఆ అంకె ముందు కూర్చుని, "చేశాను కదా... అన్నీ చేశాను కదా..." అని దేవుడి పేరులా గొణుక్కుంటూనే ఉంది. రెండో అవకాశం ఒక్కటే మిగిలింది, జులైలో ఒక గురువారం. అది కూడా పోతే ఎలాగని, ఆ వెంటనే వచ్చే శనివారానికి రోసిత్సా వెస్కా బస్సులో చోటు రాయించుకుంది. ఇటలీలో బెర్గామో అనే ఊళ్ళో మంచం పట్టిన ఒక ముసలావిడను చూసుకోవాలి. పెట్టె సర్ది తలుపు దగ్గర నిలబెట్టాం. కలీనా రోజూ ఆ పెట్టెలోంచి వాళ్ళమ్మ చెప్పులు తీసి మళ్ళీ అల్మరాలో పెట్టేది. రోసిత్సా రోజూ మళ్ళీ సర్దేది.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఎనభై ఆరులో పిడుగు పడి మా టీవీ కాలిపోయింది. అప్పటి నుంచి ఉరుము వినబడితే చాలు, గదిగదికీ తిరిగి ప్లగ్గులన్నీ పీకేస్తాను. ఫ్రిజ్జును కూడా వదలను. ఆ రోజు రోసిత్సా పొద్దుటి నుంచీ బల్ల ముందే ఉండి, పదిహేడు పనులూ ముగించి, వాన మొదలవుతోందని కలీనాను పిలుచుకు రావడానికి కిందికి దిగింది. ఇంతలో ఉరిమింది. నేను పీకేశాను.

తిరిగొచ్చి నల్లబడ్డ తెరను చూసి, తడిసిన పిల్ల చెయ్యి వదిలేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఏం చేశారు అత్తయ్యా..."

"ఉరిమింది. ప్లగ్గు పీకాను."

"ఐదు గంటల పని అది. నన్ను ఆ బస్సెక్కించే దాకా మీకు నిద్ర పట్టదా? పెంచో పోయిన రోజే నన్ను కూడా ఈ ఇంట్లోంచి పంపేసి ఉంటే పోయేది. ముద్దముద్దకీ నన్ను దెప్పే పని తప్పేది మీకు."

పన్నెండేళ్ళలో ఆ పిల్ల నాతో అన్న మొదటి పరుష మాట అది. నాకు రోషం పొడుచుకొచ్చింది. "చేసిన పని చేసినట్టే ఉండాలి కదే? తీగ పీకితే ఎగిరిపోయేది పనెలా అవుతుంది? కరెంటు పోతే నా పచ్చళ్ళు సీసాల్లోంచి మాయమైపోతున్నాయా?" అన్నాను. దెప్పడానికే అన్నాను తల్లీ, నాకేం తెలుసు.

"చేసిన పని చేసినట్టే ఉండాలి..." అని ఆ పిల్ల నా మాటనే తనలో తాను మళ్ళీ అనుకుంది. లేచి నా చేతిలోంచి ప్లగ్గు తీసుకుని గోడకు పెట్టింది. యంత్రం మెల్లగా లేచింది. ఒక్కొక్క పనినీ వేలితో లెక్కపెట్టి చూసుకుంది. పదిహేడులో తొమ్మిదే ఉన్నాయి. ఎనిమిది అసలు చేయనట్టే పోయాయి. వెంటనే పాఠం చెప్పే బోజిదార్‌కు ఫోన్ చేసింది.

"అదే కదమ్మా మొదటి రోజు చెప్పింది," అన్నాడు ఆయన. "మీరు గదిలోంచి వెళ్ళాక యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపుతారు. అప్పుడు ఏం నిలిచి ఉందో దానికే మార్కులు. అప్పటికప్పుడు పని చేస్తే చాలదు, శాశ్వతంగా రాయాలి. యంత్రమే లేవకపోతే మొత్తం సున్నా."

మొదటి రోజు... ఆ రోజు కలీనాకు ఊపిరాడక ఆసుపత్రిలో ఉన్నాం. రోసిత్సా ఆ పాఠం వినలేదు. తరవాత అడగడానికి సిగ్గుపడింది, ఆ గదిలో అందరూ తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళాయె.

మర్నాడు పొద్దున నేను పొరల రొట్టె బానిత్సా కోసం పిండి రేకులు పరుస్తుంటే వచ్చి, నా ముందు తల వంచుకుని నిలబడింది. "అత్తయ్యా, ఇవాళ కూడా పీకండి. రోజూ పీకండి. ఎప్పుడు పీకుతారో మాత్రం నాకు చెప్పకండి."

అలా నాకు ఆ ఇంట్లో ఒక ఉద్యోగం దొరికింది. స్నానానికి వెళ్తే పీకాను. జున్ను కోసం కొట్టుకు పంపి పీకాను. ఎదురుగా నిలబడి, తల మీద ముద్దు పెడుతూ ఒకసారి పీకాను. అలా పీకితే యంత్రం పాడైపోతుంది, ఆపడానికి ఒక పద్ధతుందని బోజిదార్ మొత్తుకున్నాడు. "మా అత్తయ్య పద్ధతే పద్ధతి సార్," అందట కోడలు. ఎనిమిది పోయేవి ఐదయ్యాయి, రెండయ్యాయి. నాలుగో రోజు అసలు యంత్రమే లేవలేదు. ఆ పిల్ల జుట్టు పట్టుకుని, ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా దానితో కుస్తీ పట్టి లేపింది. ఆ మధ్యాహ్నమంతా నేను వంటగది గడప దగ్గరే తచ్చాడాను. పైకి మాత్రం "ఇంకోసారి పీకనా?" అన్నాను. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

పరీక్ష రోజు రాగి చెంబు నిండా నీళ్ళు పోసి, మంచి జరగాలని అందులో మా కిటికీ కుండీలోని జ్ద్రావెత్స్ మొక్క ఆకు వేసి, మెట్ల పైనుంచి మొత్తం ఒలకబోశాను. కింది అంతస్తు వాళ్ళ చాప తడిసిందని పెద్ద గొడవ చేశారు. చేస్తే చేయనీ.

అక్కడ జరిగింది ఆ పిల్ల తరవాత చెప్పింది. నలభై నిమిషాలు ఉండగానే పనులన్నీ అయిపోయాయట. పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారట. యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపాలంటే చేతులు రాలేదట. లేవకపోతే...? అయినా, ఇప్పుడు వెనకనుంచి అత్తయ్య వస్తుంది అనుకుని ఆపేసిందట. నిజంగానే లేవలేదు. తాను ముందు ఒక డిస్కును, యంత్రం లేచేటప్పుడు చూసుకునే జాబితాలో రాసి, తరవాత దాన్ని తీసేసి వేరేది పెట్టింది. యంత్రం ఆ లేని డిస్కు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. ఇంట్లో ఆ మధ్యాహ్నం కుస్తీ పట్టిన దారినే మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళి, ఆ వరుస కొట్టేసి, నాలుగు నిమిషాలుండగా లేపింది. ఆ తొందరలో తక్కినవి నిలిచాయో లేదో చూసుకునే సమయం లేకపోయింది.

శుక్రవారం ఫలితం రాలేదు. శనివారం పొద్దున ఏడింటికి బస్సు. సోమవారం దాకా ఆగమని వెస్కాను బతిమాలాం.

"బస్సు ఆగదు, ముసలావిడ ఆగదు. ఈ చోటుకి ఇంకో పదిమంది ఉన్నారు. ఇవాళ ఎక్కకపోతే ఇక నన్ను అడగొద్దు," అంది.

రోసిత్సా పెట్టె పట్టుకుంది. కలీనా వాళ్ళమ్మ జడ పట్టుకుని, వేళ్ళకు చుట్టుకుని, వదల్లేదు. అరవలేదు, ఏడవలేదు, అలా పట్టుకునే నిలబడింది. ఒక్కొక్క వేలూ విప్పుతూ ఆ తల్లి ముఖం చూశాను నేను... నా కొడుకును శవపెట్టెలో పెట్టి మూసిన రోజు నా ముఖం ఎలా ఉందో అలాగే ఉంది. ఇక చూడలేకపోయాను. పెట్టె లాక్కుని బస్సెక్కి కూర్చున్నాను.

"దోన్కా అవ్వా, నీకేమైనా పిచ్చా? నీకు అరవై ఎనిమిదేళ్ళు," అంది వెస్కా.

"ముసలిదాని నొప్పులు ముసలిదానికే తెలుస్తాయి. నా పేరు రాసుకో. ఆ జీతం నేనే ఇంటికి పంపుతాను."

"అత్తయ్యా, దిగండి. మీ మోకాళ్ళు..." అంటూ రోసిత్సా కిటికీ కింద పరిగెత్తింది.

"ఉరిమితే ప్లగ్గులు పీకడం మరిచిపోకు," అన్నాను.

బెర్గామోలో ఆ ముసలావిడకు నా భాష రాదు, నాకు ఆవిడది రాదు. ఇద్దరం నొప్పిని చేత్తో చూపించుకునేవాళ్ళం. సోమవారం సాయంత్రం ఫోను మోగింది. తీస్తే మా వంటగది కనిపించింది. ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టారు. కలీనా సూపు తాగుతోంది. పక్కన, ఉండవలసిన కుర్చీలో, వాళ్ళమ్మ ఉంది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన ముఖంతో, "లేచింది అత్తయ్యా. రెండు వందల నలభై మూడు," అంది. సూపు చల్లారిపోతోంది, తాగవే అని కలీనాను కసిరాను.

ఆ ముసలావిడకు నచ్చే ఇంకో మనిషి దొరికే దాకా అక్కడ ఆరు వారాలున్నాను. తిరిగి వచ్చిన రోజు రోసిత్సా నా పెట్టె మోసుకుంటూ మెట్లెక్కి, గుమ్మంలో ఆగి, నా కుడి చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. "ఈ చెయ్యే పీకింది," అంది కూతురితో. ఇప్పుడు ఆసుపత్రిలో ఆ పిల్ల ఏ పని ముగించినా, యంత్రాన్ని ఒకసారి ఆపి, మళ్ళీ లేచేదాకా కదలదట. తన కింద పని నేర్చుకునేవాళ్ళు దానికి "అత్తయ్య పరీక్ష" అని పేరు పెట్టుకున్నారట. అది విని ఒక మధ్యాహ్నమంతా ఊరికే నవ్వుకున్నాను.

చిక్కుడుకాయలు అయిపోయాయి, లే. ఈ మాట మాత్రం నీతో తీసుకెళ్ళు తల్లీ. నీ కోడలికి చెప్పు, నీ అత్తకీ చెప్పు. నేను నీళ్ళు పోయని ఆ పొడి మెట్ల సంగతి మాత్రం వదిలెయ్యకు. అది వదిలేస్తే నా కథ సగమే చెప్పినట్టు.